మడతోపులో కూర్చునే ఆవిడ

పడవలో చెక్క మీద మొగుడు తువ్వాలు పరవడం ఆమె గట్టు మీంచి చూసింది.

పరిచింది తన కోసం కాదు. రోజూ వచ్చే ఆ పట్నపు ఆవిడ కోసం.

"నన్నెప్పుడైనా అలా కూర్చోబెట్టావా?" సాయంత్రం నిలదీసింది.

"లేతరంగు చీర కదా, తడి అంటుతుందని..."

"ఓహో, చీర రంగు కూడా చూశావన్నమాట!"

"ఆవిడకి జుట్టు నెరిసిందే!"

"నీకు నెరవలేదా?"

పడవవాడు వల సర్దుకోవడంలో పడ్డాడు.

ఏటిపాయలో, మంచినీళ్లలోనే పెరిగిన మడచెట్ల తోపు అది. వేళ్ల సందుల్లో చేపలు గుడ్లు పెడితేనే వీళ్ల పొయ్యి వెలిగేది. తోపు కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వడానికి ఓనరు పంపిన పొక్లెయిన్ వచ్చి గట్టున నిలబడింది. ఎందుకో ఇంకా పని మొదలుపెట్టలేదు. డ్రైవరు దాని నీడలో పడుకుంటున్నాడు.

"అది కదిలిందంటే మన బతుకు ఏట్లో కలిసినట్టే. నువ్వేమో షికార్లు తిప్పు!"

"షికారేంటే? ఆవిడ తోపులో దిగి పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. నా వల నేను వేసుకుంటాను."

"కూర్చుని ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. అడిగితే నవ్వుతుంది."

"నవ్వుతుందా!"

ఆ నవ్వు దగ్గరే ఆమెకి ఒళ్లు మండింది.

మర్నాడు పడవ తాడు చేతికి చుట్టుకుని రేవులో అడ్డంగా నిలబడింది.

"ఏమ్మా, నీకు ఇంకో పడవ దొరకలేదా?"

"తోపులోకి పోయేది ఇదొక్కటే కదా, చెల్లీ."

"చెల్లీ గిల్లీ అనకు. పడవ ఇస్తే పడవవాడూ వెంటే వస్తాడని నాకు తెలీదా?"

ఆవిడకి కోపం రాలేదు.

"నీ మొగుడు నాకెందుకమ్మా? ఇంకొన్నాళ్లు నన్నక్కడ కూర్చోనివ్వు, చాలు."

"కూర్చోవాలంటే మీ ఇంట్లో కూర్చో!"

"ఇంట్లోనే కూర్చుని చెప్పి చూశాను. వినలేదు," అని గొణుక్కుంటూ ఆవిడ వెనక్కి తిరిగింది.

మర్నాడు ఆవిడ రాలేదు.

పడవవాడి పెళ్లాం నున్నగా తల దువ్వుకుని తనే పడవెక్కింది. తువ్వాలు తనే పరుచుకుని దర్జాగా కూర్చుంది. తోపు దగ్గర నీళ్ల నిండా ఎర్రపూలు రాలి ఉన్నాయి. ఒకటి ఏరి కొప్పులో పెట్టుకుంది.

"ఎలా ఉన్నాను?"

పడవవాడు జవాబు చెప్పేలోపే గట్టున ఇంజను మోగింది. పొక్లెయిన్ తోపువైపు కదిలింది.

"ఆగు బాబూ!" తెడ్డు వదిలేసి అరిచాడు. "ఇన్నాళ్లూ ఊరుకున్నావు, ఇవాళేమొచ్చింది?"

డ్రైవరు ఉండమన్నట్టు చెయ్యి చూపించి, ఆ మోతలోనే ఫోనులో గట్టిగా అడిగాడు: "ఓనరుగారూ, ఇవాళ మీ అమ్మగారు తోపులో లేరు, మొదలుపెట్టమంటారా?"