మూడో గాలం కర్ర

అన్నయ్య కొత్తగా కొన్న గాలం కర్ర ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. ఈ ఏడాది ఇది మూడోది. నాది అందరూ కొనే చవకరకం. విరిగినచోట టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను.

కొక్కేనికి ఈకలు చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగని, నిజం ఈగ వాలినంత మెత్తగా నీటి మీద పడేలా విసరాలి. అన్నయ్య విసిరిన ప్రతిసారీ అది చెళ్లుమని పడింది. ఉన్న చేపలన్నీ చెదిరిపోయాయి.

"ఇదీ దండగే. ఆ షాపువాడు బాగా అంటగట్టాడు నాకు," అని విసుక్కున్నాడు.

"ఏదీ, ఇలా ఇవ్వు," అని తీసుకుని విసిరాను. ఈగ చప్పుడు లేకుండా వాలింది. వెంటనే చేప లాగింది.

కాసేపు ఏడిపిద్దామని పక్కకి తిరిగాను. అన్నయ్య చేపను చూడటం లేదు. తన కుడిచేతిని చూసుకుంటున్నాడు.

నా టేపు కర్ర అందుకుని దానికి వేరే ఈగ కట్టబోయాడు. కొక్కెం బెజ్జంలోకి దారం ఎంతకీ ఎక్కలేదు. చివరికి రెండూ నా చేతిలో పెట్టాడు.

"ఎండ కళ్లలో కొడుతోందే. నువ్వు కట్టు."

ఎండ మా వీపుల మీద ఉంది. కట్టి ఇచ్చాను.

తిరిగొచ్చేటప్పుడు కారు నన్నే నడపమన్నాడు. తన ఇంటి ముందు దిగి, తలుపు పట్టుకుని నా వైపు వంగాడు.

"రేపు పొద్దున్నే అమ్మని ఆసుపత్రికి తీసుకురా. కంటి ఆపరేషన్ నా చేత్తో తప్ప ఇంకెవరితోనూ చేయించుకోనంటోంది."