సాగని స్లింగ్

“నడుముకు కట్టుకునే ఆ సన్నటి స్లింగు పట్టీయే ఇవ్వరా. ఇనుములా ఉంటుంది, జేబులో పడుతుంది,” అన్నాడు బావ, కొండెక్కే సామాన్ల కొట్లో బల్లకు ఆనుకుని.

కొట్టతని చెయ్యి ఆగిపోయింది. పోయినేడు తన తమ్ముడు బావ వెంట కొండెక్కింది అలాంటి స్లింగుతోనే. కాలు జారి పడింది నాలుగడుగులే, అయినా అది పుటుక్కున తెగి లోయలో పడేసి ప్రాణం తీసింది. “వాడి అజాగ్రత్తే,” అని బావ చుట్టాలందరికీ చాటాడు.

ఇప్పుడు పొట్లం కట్టి చేతిలో పెడితే చాలు. మిగతా పని కొండే చూసుకుంటుంది.

“బండలో దిగ్గొట్టిన యాంకర్‌కి ఎలా తగిలిస్తావు బావా?”

“మధ్యలో ఓ ముడి వేసి. మీ తమ్ముడికీ నేనేగా వేసిచ్చింది!”

ఆ గొప్ప చూశాక కొట్టతనికి అర్థమైంది. బావ ఏడాదిగా అబద్ధమాడటం లేదు. అసలు సంగతే తెలియక హాయిగా నిద్రపోతున్నాడు.

అతను స్లింగుకు అదే ముడి వేసి, ఒక కొస దూలానికి, రెండో కొస ఎనభై కిలోల ఇసుక మూటకు తగిలించి, మూటను కప్పీతో పైకి లాగి వదిలాడు. స్లింగు ముడి దగ్గర తెగి, మూట ధబ్బున నేలమీద పడింది.

“ఇది సాగదు బావా. దెబ్బంతా తనే తింటుంది. ముడి వేస్తే మరీ నాజూకు.”

బావ తెగిన కొసల్నే చూస్తున్నాడు. “అయితే ఆ రోజు... ఆ ముడి...”

“నువ్వు వేసిందే.”

బావ తెగిన ముక్కలు ఏరుకుని బల్ల పక్కనే కూర్చున్నాడు. కొట్టతను లావుపాటి తాడు తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

“ఇది సాగే తాడు. జారినా పట్టి ఆపుతుంది. ఇకనుంచి ఇదే కట్టుకో. నువ్వు ఆ ముడి తలుచుకుంటూ నిండు నూరేళ్లూ బతకాలి బావా. ఒక్క రోజు తగ్గినా నేనొప్పుకోను.”