వేరు పెట్టిన దండం

ఎండలకు విశాఖపట్నం ఉడికిపోతోందని నాటిన నీడచెట్లు అవి. వాటి వేళ్లు రోజుకు మూరెడు పాకుతాయి. నరికితే జైలే. అందుకే రోడ్డు పని చేసే నూకాలు రోజూ పొద్దున్నే, దారిలోకి పాకిన వేళ్ల మీద కంకర పరిచి, చెట్టుకు ఊపిరాడేలా సందులు వదిలి, పైన రాతిపలకలు పేరుస్తుంది. పని మొదలుపెట్టే ముందు వేరును చేత్తో తాకి కళ్లకద్దుకుంటుంది.

"తొక్కతన్నాను తల్లీ, ఏటీ అనుకోకు."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం వారుస్తుంటే గచ్చు పగిలి వేరొకటి పైకి లేచింది. మెల్లగా పాకి వచ్చి నూకాలు పాదాన్ని సుతారంగా తాకింది. తాకి, తల వంచినట్టు కొస వంచింది.

"ఒసే, నీకు దండం పెడతందే!" అని మొగుడు గవరయ్య పకపకా నవ్వాడు.

నూకాలుకు నవ్వు రాలేదు. దండం పెట్టాక ఏం చేస్తారో రోజూ చేసే మనిషికి ఒకరు చెప్పాలా!