కారం ఉండలు

కుక్క బిర్బా ముందుకు పరుగెత్తి, దారిలో పడి ఉన్న మాంసం ఉండను గబుక్కున నోట కరుచుకుంది.

వెనకే వస్తున్న యజమాని సెత్తిమియోకు గుండె ఆగినంత పనయింది.

పోయిన చలికాలం ఈ అడవిలోనే పోటీవాళ్ళెవరో పెట్టిన విషపు ఉండలు తిని ఊళ్ళో కుక్కలు చచ్చిపోయాయి. మట్టి కింద దాగిన ఖరీదైన ట్రఫుల్ పుట్టగొడుగులను వాసన పట్టి చూపించే కుక్క పోతే ఇక్కడ ఇంట్లో పొయ్యి వెలగదు. పైగా ఆ పని వాటికి నేర్పేది తిండి ఆశ చూపించి. బిర్బా అయితే రొట్టె ముక్క కోసం కొండనైనా తవ్విపోస్తుంది.

కానీ అది కుయ్యోమంటూ ఉండను ఉమ్మేసింది.

చెట్టు చాటున ఒక ముసలాయన. చేతి సంచిలో అలాంటివే మరికొన్ని ఉండలు.

సెత్తిమియో అతని చొక్కా పట్టుకున్నాడు.

"విషం పెడతావురా? నోరులేని జీవాన్ని చంపేవాడు మనిషేనా?"

"విషం కాదయ్యా, కారం."

ముసలాయన ఒక ఉండ తనే నమిలి మింగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"నాలుగుసార్లు నోరు మండితే కింద పడిందేదీ ఇక ముట్టదు. వదిలేసి నీ దగ్గరికొచ్చినప్పుడు నీ చేత్తో రొట్టె పెట్టు. అంతే."

"కారంతో దాని ముక్కు పాడుచేసి, నా చోట్లన్నీ నువ్వు తవ్వుకుపోదామనా? ఎవరికి చెబుతున్నావు కబుర్లు!"

ట్రఫుల్ దొరికే చోటు కన్నకొడుక్కి కూడా చెప్పని ఊరది. అడవిలో కొత్త మనిషి కనిపిస్తే మంచి ఎవరికి తోస్తుంది?

ఎంత తిట్టినా ఉండలు పడుతూనే ఉన్నాయి. బిర్బా కొన్ని ఉమ్మేసింది. తర్వాత వాసన చూసి తప్పుకోవడం మొదలుపెట్టింది. తప్పుకుని యజమాని జేబుకేసి చూసేది. అతను విసుక్కుంటూనే రొట్టె పెట్టేవాడు.

చివరికి ఊరంతా కలిసి ముసలాయనను తరిమేశారు.

మంచు కురిసిన ఒక ఉదయం బిర్బా మరో ఉండ దగ్గర ఆగింది. మూతి చాచింది. వెనక్కి వచ్చి సెత్తిమియో జేబును ముక్కుతో పొడిచింది.

ఉండకు కాస్త అవతల ఒక నక్క నురగ కక్కి చచ్చి పడి ఉంది.

సెత్తిమియో కుక్కను కావలించుకుని అక్కడే కూలబడ్డాడు. చాలాసేపు ఏడ్చాడు.

తర్వాత తిన్నగా ఓర్నెల్లా కాఫీ కొట్టుకు పరుగెత్తాడు. ముసలాయన అద్దెకున్నది ఆమె మేడమీద గదిలోనే.

"అక్కా, ఆ పెద్దాయన ఎక్కడుంటాడో చెప్పు. కాళ్ళు పట్టుకోవాలి."

"ఇప్పుడా పట్టుకునేది? మొన్ననే చనిపోయాడు. కూతురు ఫోన్లో అంతా చెప్పి ఏడ్చింది."

"ఏం చెప్పింది?"

"ఆయనది కొండ అవతలి ఊరట. మూడేళ్ళ కిందట ఎవడో విషం ఉండ పెట్టి ఆయన కుక్కను చంపేశాడు. ఎవడో కూడా ఆయనకు తెలుసట. 'వాడు చేసిన పాపం వాడి కుక్కకెందుకు తగలాలి? దానికి నేర్పి వస్తాను' అని ఇక్కడికొచ్చాడట. ఎవరి కుక్కో మాత్రం కూతురికీ చెప్పలేదు."

మూడేళ్ళ కిందట కొండ అవతలి అడవిలో ఆ ఉండ పెట్టి వచ్చింది సెత్తిమియోనే.