అమావాస్య మేకు

"ఆ కుక్కని పంపించేదాకా నాను పచ్చి మంచినీళ్లు ముట్టను" అంది సూరమ్మ మళ్లీ.

"మేకు కొట్టింది మనిషి మామ్మా, కుక్క కాదు" అంది మనవరాలు ఫణిశ్రీ.

"ఆ మనిషి ఎవలి కోసం ఒస్తన్నాడే? ఈ కుక్క ఇంట్లో అడుగెట్టినాకే కదా ఆడు దాపురించినాడు!"

అత్తగారికీ కూతురికీ మధ్య నిలబడి రాజశ్రీ వీధి గుమ్మం వైపే చూస్తోంది.

ద్వారబంధానికి కొత్త ఇనప మేకు. దాని పక్కనే వేపరెమ్మ.

పొద్దున్న టక్ టక్‌మని చప్పుడైతే తలుపు తీసింది. ఎవరూ లేరు. ఆ రెండూ ఉన్నాయి. పైగా ఆషాఢ అమావాస్య.

విజయనగరం నుంచి రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి బదిలీ మీద వచ్చి వాళ్లకి ఒక్క వేసవే గడిచింది. ఇరుగుపొరుగు ఇంకా అలవాటు కాలేదు. ఇంతలో ఫణిశ్రీ కుక్కల షెల్టర్ నుంచి కాలు విరిగిన ఆడకుక్కని తెచ్చింది. నయమయ్యేదాకా ఇంట్లో పెట్టుకుని, ఆ తర్వాత తిరిగి ఇచ్చేయాలి. మైనా అని పిలుస్తోంది.

అది వచ్చినప్పట్నుంచీ సాయంత్రాలు ఎవరో ముసలాయన గేటు అవతల నిలబడుతున్నాడు. నెత్తిన ప్లాస్టిక్ పట్టా. నోరు విప్పడు. అతన్ని చూడగానే మైనా వణికిపోయేది. మూలుగుతూ నేల మీద పాకేది. ఉన్నచోటే తడిపేసుకునేది.

"కాలు ఇరగ్గొట్టినోడు ఆడే. నోరు లేని జీవానికి తెలవదా?" అని సూరమ్మ ఎప్పుడో తేల్చేసింది.

రాజశ్రీకీ అలాగే అనిపించింది.

"అమావాస్య పూట గుమ్మానికి మేకు దిగితే ఇంట్లో మగోడికే ముప్పు" అంది సూరమ్మ. "ఈ వానలో నా కొడుకు ఏ పట్టాల మీద ఉన్నాడో!"

యుగంధర్ గూడ్సు బండి గార్డు. నిన్న డ్యూటీకి వెళ్లాడు. రాజశ్రీ ఇంకోసారి ఫోన్ చేసింది. కలవలేదు.

పెళ్లయిన కొత్తలో ఇలాంటివాటి మీద అత్తగారితో వాదించిన మనిషే. ఇప్పుడు తనే ఆ నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతోంది.

మైనా ఉన్నట్టుండి మూలిగింది.

గేటు దగ్గర అతనే. చేతిలో సుత్తి.

"అమ్మా, తలుపెయ్!" ఈసారి ఫణిశ్రీ కూడా అరిచింది.

రాజశ్రీ వేయలేదు. వెళ్లి పట్టకారు తెచ్చింది. అతను చూస్తుండగానే మేకు ఊడబీకి గేటు అవతలికి విసిరింది.

"మళ్లీ వస్తే పోలీసుల్ని పిలుస్తాం! ఈ కుక్కని కూడా పంపించేస్తున్నాం. జావ్!" అంది, వచ్చీరాని హిందీలో.

అతని మొహం పాలిపోయింది. "దాయీ..." అంటూ సూరమ్మ వైపు చూసి ఏదో చెప్పబోయాడు.

"ఇనకండర్రా! మంత్రం ఏస్తన్నాడు!" సూరమ్మ చెవులు మూసుకుంది.

అతను వంగి బురదలోంచి మేకు ఏరుకున్నాడు. పంచెకి తుడిచాడు. మైనాని ఒకసారి చూసుకుని వానలో వెళ్లిపోయాడు.

మైనా కట్టుకాలు ఈడ్చుకుంటూ గేటుదాకా పాకింది. అక్కడ మెడ ఎత్తి ఏడ్చింది.

"కుక్క ఏడుపు కూడా అయిపోయింది" అంది సూరమ్మ, చతికిలబడిపోతూ.

ముగ్గురూ గడియలు వేసుకుని కూర్చున్నారు. ఆ పూట పొయ్యి వెలగలేదు.

మధ్యాహ్నం దాటాక యుగంధర్ వచ్చాడు.

"ఫోను తడిసి చచ్చింది. ఏమిటలా దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు?"

సూరమ్మ కొడుకు చేతులూ భుజాలూ తడిమి చూసుకుంది.

అతని వెనకే మైనా కట్టు మార్చడానికి షెల్టర్ నుంచి రేచల్ వచ్చింది. రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి.

"అరె, మీక్కూడా హరేలీ చేశారా! మేకు ఏదీ, ఊడిపోయిందా?" అంది గుమ్మానికున్న వేపరెమ్మ చూసి.

ఫణిశ్రీ ద్వారబంధానికి మిగిలిన కన్నం చూపించింది.

"హరేలీ ఏటి?" అంది సూరమ్మ.

"ఇక్కడి పండగ అమ్మమ్మా. ఏ చెడూ ఇంట్లోకి రాకూడదని ఈ అమావాస్యకి కమ్మరి గుమ్మానికి వేపరెమ్మ పెట్టి మేకు కొడతాడు. ఇంటివాళ్లు చేటతో బియ్యం పెట్టి పంపుతారు. మా ఇంటికైతే పిలిస్తేగానీ రారు. మీకెవరు కొట్టారు?"

రాజశ్రీ చెప్పింది. ప్లాస్టిక్ పట్టా, సుత్తి, మైనా వణుకు.

కట్టు విప్పుతున్న రేచల్ చేతులు ఆగిపోయాయి.

"అది భయం కాదు ఆంటీ. సంతోషం పట్టలేకపోయినా కుక్కలు అలా తడిపేసుకుంటాయి" అంది మెల్లగా. "మీ అడ్రస్ ఆయనకి నేనే ఇచ్చాను."

సూరమ్మ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"ఎవలమ్మా ఆయన?"

జవాబు వినే ధైర్యం లేక రాజశ్రీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

రేచల్ వెళ్లాక రాజశ్రీ వడ్డిస్తుంటే అందరూ కంచాల ముందు కూర్చున్నారు. సూరమ్మ మాత్రం కూర్చోలేదు.

"కుక్కని ఇంక ఎవలికీ ఇచ్చీది లేదు. ఆ పిల్లకి చెప్పేసినాను" అంది.

"మరి ఆ ముసలాయన?" అన్నాడు యుగంధర్.

"మధ్యాహ్నం బండికి నాగపూర్ కూలిపనికి పోనాడంట. ఈ ఊరి పక్కనే ఉర్లాలో కమ్మరోడు. లారీ గుద్ది కొలిమి పోనాది, గుడిసె పోనాది, దీని కాలు పోనాది. ఉంచుకుందుకు చోటు లేక షెల్టర్‌కి ఇచ్చినాడు. ఇది చేరిన ఇల్లు మంచిదో కాదో చూసుకుందుకే రోజూ ఒచ్చి నిలబడినాడు. దాయీ అంటే ఈళ్ల బాసలో అమ్మా అనంట."

రాజశ్రీ గరిటె గిన్నెలో పెట్టేసి గేటు వైపు చూసింది.

"దీన్ని పెంచిన తండ్రర్రా ఆయన" అంది సూరమ్మ నెమ్మదిగా. "ఆడపిల్లకి అప్పగింతలు పెట్టి పోదామని ఒచ్చినాడు, మనం గుమ్మంలోంచి తరిమేసినాం."