ఎన్నాళ్ళు పేలుతుంది?

“ఇవాళ పేలింది, సరే. కొత్తల్లుడు కూడా మొదటి వారం అడక్కుండానే కట్టెలు కొట్టిపెడతాడు. పదేళ్ళ తర్వాత సంగతి చెప్పు ఉస్తాద్!” అన్నాడు తోర్‌బాజ్ ఖాన్, రైఫిల్‌ని తిరగేసి చెక్క మడమ వాసన చూస్తూ.

గుల్మీన్ ఉస్తాద్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. సరిహద్దు కొండల నడుమ దర్రా బజార్లో తాత కాలం నుంచీ తుపాకులు చేస్తున్న కొట్టు అది. అప్పటికే చుట్టూ జనం మూగారు. ఎదురు కొట్టు జర్గుల్ అయితే తన బేరాలు మానుకుని మరీ వచ్చి, టీ కప్పుతో అరుగెక్కి కూర్చున్నాడు.

“పదేళ్ళేం ఖర్మ కాకా! నీ మనవడి పెళ్ళిలో కూడా పేలుతుంది.”

“మాటలకేం, తుప్పు పట్టవుగా.”

అంతే, గుల్మీన్ లేచి నిలబడ్డాడు. “బజారందరి ముందూ చెబుతున్నా, వినండి. ఇవాళ ఈయన దీన్నేం చేసినా సరే, ఒక్కసారి మొరాయించిందా, నా మీసం తీసేస్తా!”

జనం హో అన్నారు. గుల్మీన్ మీసమంటే మామూలు మీసం కాదు. పొద్దున్నే వెన్న రాసి, ఇల్లాలి కన్నా ముందు దాన్నే పలకరిస్తాడని ఊరంతా చెప్పుకుంటారు.

“మంగలిని పిలిచి కూర్చోబెట్టనా?” అన్నాడు జర్గుల్.

“నీ టీ నువ్వు తాగు!”

తోర్‌బాజ్ రైఫిల్ పట్టుకెళ్ళి పంటకాలవలో పడేశాడు. కాలితో తొక్కాడు కూడా. బర్రెని కడిగినట్టు అటూ ఇటూ పొర్లించి తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

“గొట్టం ఒక్కటి తుడవనీ కాకా, లేకపోతే పేలేది నా మొహం,” అని గుల్మీన్ గుడ్డ దూర్చి తీసి, కొట్టు వెనక కొండవాలున పెట్టిన నూనె డబ్బాకి గురిపెట్టాడు. ఢాం! డబ్బా ఎగిరి అవతల పడింది.

జనం ఈలలేశారు. తోర్‌బాజ్ మొహం మాత్రం వాడిపోయింది.

“ఏం కాకా, పేలింది కదా! అలా చావు కబురు విన్నట్టు నిలబడ్డావేం?”

“పేలిందిలే, పేలిందిలే,” అని గొణుక్కుంటూ ఆయన ఈసారి కొట్టు మేడెక్కాడు. అక్కణ్ణించి రైఫిల్‌ని కింద రాళ్ళమీదికి విసిరాడు. గుల్మీన్ గుండె కూడా దాంతోపాటే కింద పడింది. మీసం ఒకసారి తడుముకుని, తూటా ఎక్కించే బోల్టు లాగి, కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

ఢాం!

“ఇంకేం కావాలయ్యా మహానుభావా?”

తోర్‌బాజ్ చుట్టూ చూశాడు. జర్గుల్ పక్కనున్న కెటిల్ లాక్కుని, పాకంలా ఉన్న ఆ తియ్యటి టీ అంతా బోల్టు మీద ధారగా పోశాడు. పైన గుప్పెడు ఇసుక చల్లాడు.

“అయ్యయ్యో, నా టీ!” అని జర్గుల్ లబోదిబోమన్నాడు. గుల్మీన్ రైఫిల్ అందుకున్నాడు. బోల్టు లాగితే బంకబంకగా, కరకరమంటూ వచ్చింది. అయినా మీట నొక్కాడు.

ఢాం!

ఇక చూడాలి సంబరం! గుల్మీన్‌ని భుజాలకెత్తుకున్నారు. జర్గుల్ ఖాళీ కెటిల్ పట్టుకుని మెల్లగా జారుకున్నాడు. తోర్‌బాజ్ అరుగు మీద చతికిలబడ్డాడు.

“నూనె రాయకుండా మూలపడేస్తేనో?” అన్నాడు నీరసంగా.

“ఏం కాదు.”

“బొత్తిగా బద్ధకిష్టి చేతిలో పడితేనో? చలికాలం, వానాకాలం, ఏదో ఒకటి దీన్ని తినెయ్యాలిగా? స్ప్రింగన్నా విరగదా?”

“నా స్ప్రింగా! నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటుంది కాకా!” గుల్మీన్ రైఫిల్‌ని శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు రెండు చేతులతో అందించాడు. “తీసుకో, నీదే.”

“నాకెందుకు? వద్దు.”

గుల్మీన్‌కి మతిపోయింది. “వద్దా? పొద్దుటి నుంచీ నా ప్రాణం తోడేసి, ఇప్పుడు వద్దంటావా?”

“దీని జోడు తుపాకీనేగా, మొన్న మా పెదనాన్న కొడుకు షమ్రోజ్ నీ దగ్గర కొనుక్కెళ్ళింది?”

“అవును. అదే ఇనుము, అదే చెయ్యి. రెండిటికీ వెంట్రుకవాసి తేడా లేదు. అయితే?”

తోర్‌బాజ్ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “విందులో నలుగురి ముందూ వాడి పందెం కౌజుపిట్టని కోడిపెట్ట అన్నాను. నన్ను కాల్చేస్తానని ఒట్టేసుకుని మరీ వాడు నీ కొట్టుకొచ్చాడు. ఆ తుపాకీ పాడైపోయేదాకా కరాచీలో మా బావమరిది దగ్గర లారీ తోలుకుంటూ దాక్కుందామనుకున్నా. ఏడాదా, రెండేళ్ళా అని కనుక్కోడానికొచ్చాను. నువ్వేమో మనవడి పెళ్ళి దాకా అంటివి! ఇక దాక్కుని ఏం లాభం? గొర్రెతో గుమ్మంలోకొచ్చి తప్పొప్పుకున్నవాణ్ణి చంపకూడదని మన ఆచారం ఉండనే ఉందిగా. ఈ బజార్లో బలిసిన గొర్రె ఎవరి దగ్గరుందో చెప్పు నాయనా, తోలుకెళ్ళి వాడి గుమ్మంలో నిలబడి, అది కౌజే అని ఒప్పేసుకుంటా.”