పన్నెండో గీత

ఊడ్చే ఆమె సంచీ సర్దుకుంటోంది.

టిఫిన్ డబ్బా, దువ్వెన, రబ్బరు చెప్పులు, తడి ఆరని తువ్వాలు. గ్రంథాలయం మెట్ల కింద ఆమెకిచ్చిన గూటిలో అంతకన్నా ఎక్కువేమీ లేవు.

"ఇప్పటికైనా మించిపోయింది లేదు," అన్నాడు లైబ్రేరియన్. "ఇకమీదట కంప్యూటర్ ముట్టుకోనని నేనే రాసి తెచ్చాను. కింద వేలిముద్ర వెయ్యి. నీ పని నీకుంటుంది."

"వెయ్యను."

"ఒక్క వేలిముద్ర కోసం పని పోగొట్టుకుంటావా?"

"ముట్టుకోనని వేలిముద్ర వేసి, రేపు మళ్ళీ ముట్టుకుంటే అబద్ధం కాదా సార్?"

పక్కన నిలబడ్డ ముసలావిడకు ఒళ్ళు మండింది.

"చూశారా, ఎంత పొగరో!"

ఆవిడ బట్టలు కుట్టి బతికిన మనిషి. అరవై దాటాక, దుకాణాల బోర్డులు చూసి తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. ఆలస్యంగా వచ్చిన చదువు. పైకి చదివితేనే బుర్రకెక్కుతుంది. ఈలోగా చూపు మందగించింది. అచ్చు పుస్తకం వదిలేసి, గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేయించుకుని నవలలు చదువుకుంటోంది. అందరూ ఆవిడను పెద్దక్షరాల పెద్దమ్మ అంటారు.

ఏడాది కిందట ఏదో అప్‌డేట్ వచ్చి, ఆవిడ కోరి పెట్టించుకున్న బ్రౌజర్‌ని పక్కకు నెట్టేసింది. ఆ చోట కంపెనీవాళ్ళ బ్రౌజర్ వచ్చి కూర్చుంది.

"ఇవి అక్షరాలా, చీమలా?" అని పెద్దమ్మ గోల పెట్టింది.

మెకానిక్ వచ్చి, పాత బ్రౌజర్ తిరిగి పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి వెళ్ళాడు. తుడుపుగుడ్డ పట్టుకుని ఊడ్చే ఆమె అప్పుడు వెనకే నిలబడింది.

ఆ తర్వాత ఏడాదిపాటు అక్షరాలు పెద్దమ్మకు ఒక్కసారి కూడా చిన్నవిగా కనపడలేదు.

ఈ సోమవారం పెద్దమ్మ రోజూకన్నా ముందు వచ్చింది. తెర నిండా చీమలు. మౌస్ మీద ఊడ్చే ఆమె చెయ్యి.

"దొంగముఖమా! నువ్వా నా అక్షరాలు పాడుచేస్తున్నది?"

కేకలకు లైబ్రేరియన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశావో చెప్పు," అని నిలదీశాడు.

"దొంగ అన్నాక ఇప్పుడు అడుగుతున్నారా? ముందు అడిగుంటే చెప్పేదాన్ని."

అంతే. ఏం చేసిందో చెప్పనే లేదు.

ఇప్పుడు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"పెద్దమ్మా, ఆ పడవ నడిపే ఆమె ఒడ్డుకు చేరిందా?"

అది పెద్దమ్మ చదువుతున్న నవలలోని సంగతి. వెక్కిరిస్తోందనుకుంది పెద్దమ్మ.

"నీకెందుకు? నీ దారి నువ్వు చూసుకో."

"చూసుకుంటాలెండి. దారులకేం కరువు?"

తల దించకుండానే మెట్లు దిగింది.

గురువారానికి గానీ మెకానిక్‌కి తీరలేదు.

"ఎవరో ముట్టుకుని పాడుచేశారు నాయనా," అంది పెద్దమ్మ.

"ఎవరూ పాడుచెయ్యలేదండీ. ఆదివారం అప్‌డేట్ వచ్చింది. అది చుట్టంలా వచ్చి ఇల్లు నాదే అంటుంది. మనం పెట్టుకున్నవన్నీ తీసేసి వాళ్ళవి పెట్టేసుకుంటుంది."

"మరి ఏడాదిగా మారలేదే?"

"మారకపోవడమేంటి?" అతను తెర మీద జాబితా తెరిచి లెక్కపెట్టాడు. "నేను వెళ్ళాక ఇది పన్నెండోది. ప్రతిసారీ మారే ఉంటుంది. ఎవరో సర్దేస్తున్నారు. మీరేనా సార్?"

"నాకంత చేతనైతే నిన్నెందుకు పిలుస్తానయ్యా?" అన్నాడు లైబ్రేరియన్.

మెకానిక్ దుమ్ము దులుపుదామని కీబోర్డు ఎత్తాడు. కింద నాలుగు మడతల కాగితం ఉంది.

విప్పితే అందులో ఒక్క అక్షరం లేదు. అన్నీ బొమ్మలే, తెర మీది గుర్తుల్లా. ఒక గుండ్రం. మూడు చుక్కలు. ఒక పళ్ళ చక్రం. చివర చిన్న చీమ, దాని మీద కొట్టివేత. పక్కనే ఏనుగంత చీమ.

అడుగున పదకొండు గీతలు.

పన్నెండో గీతకు చోటు మిగిలి ఉంది.

లైబ్రేరియన్ బల్లమీద, వేలిముద్ర పడని కాగితం ఇంకా అలాగే ఉంది.

"నువ్వు జరుగు నాయనా," అంది పెద్దమ్మ.

కుర్చీలో కూర్చుని, ఒక వేలు బొమ్మల మీద పెట్టి, రెండో చేత్తో మౌస్ పట్టుకుంది. గుండ్రం. మూడు చుక్కలు. పళ్ళ చక్రం.

"చదువుకోవడానికి వచ్చినవాళ్ళు అవన్నీ ముట్టుకోకూడదండీ, నియమం," లైబ్రేరియన్ నసిగాడు. "పైగా వచ్చే నెల మళ్ళీ మారుతుంది. అది ఇచ్చిందే వాడుకుంటే పోలా?"

"పోదు. అది నెలకోసారి మారిస్తే నేనూ నెలకోసారి మారుస్తాను. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం. కాగితం తెండి, ముట్టుకుంటానని రాసి సంతకం పెడతాను."

అతను కాగితం తేలేదు.

అక్షరాలు పెద్దవయ్యాయి. పెద్దమ్మ పెన్ను తీసుకుని పన్నెండో గీత గీసింది. నవల ఆఖరి అధ్యాయం తెరిచి, మెట్ల కింది గూటిదాకా వినపడేంత గట్టిగా చదివింది.

పడవ నడిపే ఆమె ఒడ్డుకు చేరింది.

ఏడాదిపాటు తుడుపుగుడ్డ పట్టుకుని ప్రతి నవలా విన్న ఊడ్చే ఆమె, ఆ సోమవారం పొద్దున పదకొండు గంటలకు వెళ్ళింది, మళ్ళీ రాలేదు.